సాల్మన్ పిల్లలను పెంచి వదిలితే నది కోలుకుంటుందా?

ఒక స్వచ్ఛంద బృందంలో కొత్తగా చేరిన మీరు రెండు ప్రశ్నలు అడిగారు. సాల్మన్ దాదాపు కనుమరుగైన వాగులో ఏటా ఎన్ని వేల పిల్లలను వదిలితే మళ్లీ ఆ చేపలు నిలదొక్కుకుంటాయన్నది మొదటిది. గుడ్డు దశ నుంచి వాగులో వదిలే రోజు వరకు ఏయే జాగ్రత్తలు తీసుకోవాలన్నది రెండోది. రెండో ప్రశ్నకు వివరంగానే సమాధానం రాస్తాను, ఎందుకంటే అది ఓపికతో నేర్చుకుంటే పట్టుబడే పని. మొదటి ప్రశ్నకు మాత్రం సంఖ్య చెప్పను. ఆ వాగులో చేపలు ఏ దశలో, ఏ కారణంగా నశిస్తున్నాయో తేలనంతవరకు ఎన్ని వేలు వదలాలన్న లెక్కకు అర్థం ఉండదు. ఆ కారణం తేలి, దాన్ని తొలగించగలిగితే చాలాచోట్ల పిల్లలను వదలవలసిన అవసరమే రాదు. మీ బృందం ఉత్సాహం మీద నీళ్లు చల్లాలన్న ఉద్దేశం నాకు లేదు. ఆ ఉత్సాహం ఎక్కడ ఎక్కువ ఫలితం ఇస్తుందో, పిల్లల పెంపకం ఎప్పుడు నిజంగా అవసరమవుతుందో చెప్పిన తర్వాతే పెంపకం విషయానికి వస్తాను.

వాగులో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి మళ్లీ వాగుకే వచ్చే సాల్మన్ జీవితంలోని లెక్క ఒకసారి చూడండి. జాతిని బట్టి, శరీర పరిమాణాన్ని బట్టి ఒక ఆడచేప సాధారణంగా 2,000 నుంచి 5,000 వరకు గుడ్లు పెడుతుంది. ఆ సంతతి తగ్గకుండా నిలకడగా ఉండాలంటే అన్ని వేల గుడ్లలో చివరకు రెండు చేపలు పెద్దవై, సముద్రం నుంచి తిరిగివచ్చి, సంతానాన్ని కనగలిగితే చాలు. మిగిలినవన్నీ దారిలో ఎక్కడో ఒకచోట రాలిపోతాయి. కొన్ని గుడ్లు వరదకు గులకరాళ్లతో సహా కొట్టుకుపోతాయి, కొన్ని ఒండ్రు కింద ఆక్సిజన్ అందక చనిపోతాయి, కొన్ని పిల్లలు వేసవిలో వేడెక్కిన మడుగుల్లో, మరికొన్ని శీతకాలపు ఉధృతిలో పోతాయి, సముద్రం చేరినవాటిలోనూ అత్యధిక భాగం అక్కడే అంతరిస్తాయి. గుడ్డు నుంచి ఈదే పిల్ల దశ వరకు సహజంగా బతికేవి చాలా నదుల్లో పదో వంతు నుంచి మూడో వంతు వరకే ఉండగా, శ్రద్ధగా నడిపే హేచరీలో, అంటే గుడ్లు పొదిగించి పిల్లలను పెంచే కేంద్రంలో, పదింట తొమ్మిది బతుకుతాయి. పెంపకం మీద మనకు ఆశ కలిగించేది ఈ తేడాయే. అయితే ఆ లాభం నిలవాలంటే తర్వాతి దశల్లో వాటికి చోటు ఉండాలి. కోహో, అట్లాంటిక్ అనే సాల్మన్ జాతుల పిల్లలు వాగులో తలా ఒక జాగా ఏర్పరచుకుని, ప్రవాహం మోసుకొచ్చే పురుగులను అక్కడి నుంచే అందుకుని తింటాయి. జాగా దొరకని పిల్ల దిగువకు తరిమివేయబడుతుంది, లేదా తిండి లేక చిక్కిపోయి చస్తుంది. వేసవిలో నీడ లేక, లోతైన మడుగులు లేక వెయ్యి పిల్లలకు మాత్రమే చోటున్న వాగులో పదివేలు వదిలినా శరదృతువు నాటికి మిగిలేవి వెయ్యే.

ఈ విషయాన్ని అమెరికాలోని ఆరెగాన్ తీరంలో సూటిగా పరీక్షించారు. 15 వాగుల్లో హేచరీలో పెంచిన కోహో పిల్లలను వదిలి, పోల్చి చూడడానికి మరో 15 వాగులను వాటి మానాన వాటిని ఉంచి చేసిన అధ్యయనం 1986లో వెలువడింది. పిల్లలను వదిలిన వాగుల్లో ఆ వేసవికి మొత్తం పిల్లల సంఖ్య పెరిగిన మాట నిజమే గానీ, అక్కడే సహజంగా పుట్టిన పిల్లలు తగ్గిపోయాయి. ఒడ్డూ పొడవూ ఎక్కువగా ఉన్న హేచరీ పిల్లలు వాటి జాగాలను ఆక్రమించుకున్నాయి. పెద్దవై తిరిగివచ్చిన చేపల సంఖ్యలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఆ హేచరీ సంతతికి స్థానిక చేపలకన్నా ముందుగానే వచ్చి గుడ్లు పెట్టే స్వభావం ఉండడమే దాని సంతానం నిలదొక్కుకోకపోవడానికి ప్రధాన కారణమని పరిశోధకులు భావించారు. ఈ అధ్యయనంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది తర్వాతి తరంలో వచ్చిన వైఫల్యం కన్నా, ఆ వేసవిలో కనిపించిన విజయం. ఆ ఒక్క వేసవి చూసి లెక్క ముగించి ఉంటే ఆ కార్యక్రమం గొప్పగా ఫలించిందని ఎవరైనా రాసుకునేవారు.

పెద్ద నదుల అనుభవమూ దీనికి భిన్నంగా లేదు. అమెరికా ఈశాన్యంలోని కనెక్టికట్ నదిలో 1798లో టర్నర్స్ ఫాల్స్ వద్ద కట్టిన ఆనకట్ట వల్ల అట్లాంటిక్ సాల్మన్ ఎగువకు పోలేక అంతరించింది. 1967లో నాలుగు రాష్ట్రాలు, కేంద్ర సంస్థలు కలిసి పునరుద్ధరణ కార్యక్రమం మొదలుపెట్టాయి; స్థానిక సంతతి మిగలలేదు కాబట్టి పెనోబ్‌స్కాట్ వంటి ఇతర నదుల చేపల మీద ఆధారపడవలసి వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఏటా లక్షల సంఖ్యలో పిల్లలను ఉపనదుల్లో వదిలారు, బడి పిల్లలు సైతం తరగతి గదుల్లో గుడ్లు పొదిగించి వాగులకు మోసుకెళ్లారు. తిరిగివచ్చిన పెద్దచేపల సంఖ్య 1981లో 529కి చేరడమే అత్యధికం. 2011 ఆగస్టులో ఐరీన్ తుపాను వెర్మాంట్‌లోని ప్రధాన హేచరీని దెబ్బతీసింది, 2012లో కేంద్ర వన్యప్రాణి సంస్థ ఈ కార్యక్రమం నుంచి తప్పుకుంది. అంత శ్రమ వృథా కావడానికి పిల్లల కొరత కారణం కాదు. ఆనకట్టలు అలాగే ఉన్నాయి, సముద్రంలో బతికే శాతం పడిపోయింది, వదిలిన చేపలు ఆ నదికి పుట్టినవి కావు.

థేమ్స్ కథ ఇంకా ఆసక్తికరమైనది. 1833 తర్వాత సాల్మన్ కనిపించని ఆ నదిలో, నీరు శుభ్రపడిన తర్వాత 1974లో వెస్ట్ థరక్ విద్యుత్ కేంద్రం జల్లెడలకు ఒక సాల్మన్ చిక్కింది. 1979లో పిల్లలను వదిలే పథకం మొదలైంది, 1993లో 338 చేపలు తిరిగి రావడంతో ఆశలు పెరిగాయి, ఆ తర్వాత సంఖ్య క్రమంగా పడిపోయింది. 2005 నుంచి 2008 వరకు ఆ నదిలో దొరికిన చేపల జన్యువులను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, అవి వదిలిన పిల్లల సంతానం కాదని, దక్షిణ ఇంగ్లండ్‌లోని పొరుగు నదుల నుంచి తమంతట తామే దారి తప్పి వచ్చిన చేపలని తేలింది. సాల్మన్ జన్మించిన నదికే తిరిగి వస్తుందన్న మాట చాలావరకు నిజమే, కానీ ప్రతి తరంలోనూ కొన్ని చేపలు దారి మళ్లుతాయి. ఖాళీ అయిన నదులను ప్రకృతి తిరిగి నింపుకునే పద్ధతి అదే. దగ్గరలో ఆరోగ్యకరమైన సంతతి ఉన్న నది ఉంటే, మీ వాగుకు అటువంటి అతిథులు వస్తున్నాయో లేదో చూడడం గుడ్లు తెప్పించడం కన్నా ముందు చేయవలసిన పని.

దారి తెరిస్తే ఏమవుతుందో ఇటీవలి రెండు ఉదాహరణలు చెబుతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎల్వా నది మీద రెండు ఆనకట్టల తొలగింపు 2011లో మొదలై 2014లో పూర్తయింది. క్లామత్ నది మీద నాలుగు ఆనకట్టల తొలగింపు 2024లో పూర్తయిన కొద్ది వారాలకే, ఆ అక్టోబరులో చినూక్ సాల్మన్ ఆరెగాన్‌లోని ఎగువ ఉపనదికి చేరింది. 1912 తర్వాత అక్కడికి సముద్రపు సాల్మన్ రావడం అదే మొదటిసారి. ఆ చేపలను ఎవరూ మోసుకెళ్లి వదలలేదు. ఎల్వాలో మాత్రం, ఆనకట్టల వెనుక దశాబ్దాలుగా పేరుకున్న మట్టి ఒక్కసారిగా కిందికి దిగే సంవత్సరాల్లో మిగిలిన కొద్దిపాటి చేపలు నశించకుండా హేచరీని ఆసరాగా వాడారు. దానిపై వివాదం లేకపోలేదు గానీ, కారణం తొలగిస్తూ, ఆ మధ్యకాలానికి మాత్రమే హేచరీని వాడడం అనే పద్ధతి నాకు సబబుగా కనిపిస్తుంది.

పెంపకం తప్పనిసరి అయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి. ఐడహోలోని రెడ్‌ఫిష్ సరస్సుకు సముద్రం నుంచి దాదాపు 1,450 కిలోమీటర్లు ఎదురీది, సుమారు 2,000 మీటర్ల ఎత్తుకు చేరే సాకై సాల్మన్ 1991 నుంచి 1998 వరకు మొత్తం 16 మాత్రమే తిరిగివచ్చాయి. 1992లో వచ్చింది ఒక్క మగచేప. అలాంటప్పుడు మిగిలినవాటిని పట్టి, సంరక్షణలో పెంచి సంతానాన్ని కాపాడకపోతే ఆ జన్యు సంపద శాశ్వతంగా పోతుంది. రైన్ నదిలో 1950ల నాటికే సాల్మన్ పూర్తిగా అంతరించింది కాబట్టి, 1986 నవంబరులో బాసెల్ సమీపంలో సాండోజ్ కంపెనీ రసాయనాల గిడ్డంగిలో అగ్నిప్రమాదం జరిగి నది విషపూరితమైన తర్వాత చేపట్టిన పునరుద్ధరణలో ఇతర నదుల గుడ్లు తెచ్చుకోక తప్పలేదు. అయితే అక్కడ కూడా మురుగునీటి శుద్ధి, చేపల మెట్లదారుల నిర్మాణం అదే కాలంలో సాగాయి. కెనడాలోని ఫండీ అఖాతం నదుల్లో మరో మంచి పద్ధతి అమలులో ఉంది: సముద్రానికి దిగుతున్న అడవి స్మోల్ట్‌లను, అంటే ఉప్పునీటికి సిద్ధమైన పిల్లలను పట్టి, సముద్రపు పంజరాల్లో పెద్దవయ్యేదాకా పెంచి, పెద్దచేపలుగానే నదిలో వదులుతారు. జతను ఎంచుకోవడం, గులకరాళ్లలో గూడు తవ్వడం, తొలి తిండి వెతుక్కోవడం అన్నీ నదిలోనే జరుగుతాయి కాబట్టి పెంపకపు ప్రభావం సంతానం మీద తక్కువగా పడుతుంది.

పెంపకపు ప్రభావం అని తేలికగా అన్నాను, దాని తీవ్రత గురించి కొంత చెప్పాలి. ఆరెగాన్‌లోని హుడ్ నదిలో, సాల్మన్ కుటుంబానికే చెందిన స్టీల్‌హెడ్ చేపల వంశవృక్షాలను జన్యు పరీక్షలతో కూర్చి 2007లో ప్రచురించిన పరిశోధనలో, సంరక్షణలో గడిపిన ఒక్కో తరానికి సహజ వాతావరణంలో సంతానాన్ని కనే సామర్థ్యం సుమారు 40 శాతం చొప్పున తగ్గుతున్నట్లు కనిపించింది. ట్యాంకులో బాగా బతికే చేప, వాగులో బాగా బతికే చేప ఒకటి కావు; పైనుంచి రాలే మేత కోసం నీటి పైభాగానికి ఎగబాకే పిల్ల ట్యాంకులో అందరికన్నా ముందు ఎదుగుతుంది, వాగులో అందరికన్నా ముందు కొంగ నోట పడుతుంది. అందుకే తల్లిచేపలను సాధ్యమైనంతవరకు అదే వాగుకు తిరిగివచ్చిన, అక్కడే సహజంగా పుట్టిన వాటిలోంచి తీసుకోవాలి. వలస మొదట్లో వచ్చిన పెద్ద చేపలనే ఎంచుకోవడం సులువు గనుక చాలామంది అదే చేస్తారు. దానివల్ల కొన్ని తరాలకు మొత్తం సంతతి ఒకే వారంలో వచ్చేలా మారిపోతుంది, ఆ వారంలో వరద వస్తే అంతా పోతుంది. కాబట్టి వలస కాలం పొడవునా, చిన్నవీ పెద్దవీ, త్వరగా పరిపక్వమైన చిన్న మగచేపలు సైతం చేరేలా తీసుకోవాలి. ఒక్కో ఆడచేప గుడ్లను విడగొట్టి వేర్వేరు మగచేపల రేతస్సుతో విడివిడిగా ఫలదీకరించాలి. నాలుగైదు మగచేపల రేతస్సును ఒకే గిన్నెలో కలిపితే ఒకటి రెండింటిదే పైచేయి అవుతుంది. కొద్ది తల్లిచేపల సంతానంతో వాగును నింపేయడం కూడా ప్రమాదమే, ఎందుకంటే సంఖ్య పెరిగినట్లు కనిపిస్తూనే జన్యువైవిధ్యం కుంచించుకుపోతుంది.

ఈ పనుల్లో చాలాభాగం ప్రభుత్వ జీవశాస్త్రవేత్తల పర్యవేక్షణలో జరగవలసినవి. సాల్మన్ ఉన్న ప్రాంతాల్లో దాదాపు అంతటా అనుమతి లేకుండా తల్లిచేపలను పట్టడం, గుడ్లు తరలించడం, పిల్లలను వదలడం చట్టవిరుద్ధం, అది సబబే. బ్రిటిష్ కొలంబియాలో 1977 నుంచి నడుస్తున్న సాల్మన్ అభివృద్ధి కార్యక్రమంలో స్వచ్ఛంద బృందాలకు మత్స్యశాఖ తరఫున సలహాదారులు ఉంటారు. అలాంటి తోడు లేని బృందం పెంపకానికి దిగకపోవడమే మేలని నా అభిప్రాయం.

మీ పరిస్థితి ఇవన్నీ దాటి, అనుమతితో గుడ్లు మీ చేతికి వచ్చాయనుకుందాం. గుడ్డు ఎదుగుదల రోజుల మీద కాక, ఉష్ణోగ్రత మీద ఆధారపడుతుంది. ప్రతిరోజు సగటు నీటి ఉష్ణోగ్రతను సెల్సియస్‌లో కూడుకుంటూ పోతే వచ్చే మొత్తాన్ని డిగ్రీ-రోజులు అంటారు. సుమారు 250 డిగ్రీ-రోజుల దగ్గర గుడ్డులో నల్లటి కన్ను కనిపిస్తుంది, 500 దగ్గర గుడ్డు పగులుతుంది, ఆ తర్వాత పచ్చసొన సంచి కరిగి పిల్ల ఈదడానికి జాతిని బట్టి మరో 300 నుంచి 500 పడుతుంది. అంటే నీరు 10 డిగ్రీలు ఉంటే 50 రోజులకు, 5 డిగ్రీలు ఉంటే 100 రోజులకు గుడ్లు పగులుతాయి. దీని ప్రాధాన్యం చాలా బృందాలకు ఆలస్యంగా అర్థమవుతుంది. వాగు 5 డిగ్రీలుండగా మీ ట్యాంకు 10 డిగ్రీలుంటే, వాగులో పురుగులు పుట్టక ముందే మీ పిల్లలు ఈదడం మొదలుపెట్టి ఆకలి మీద ఉంటాయి. కాబట్టి వాగు ఉష్ణోగ్రతను కూడా ప్రతివారం నమోదు చేసి, చల్లబరిచే యంత్రాన్ని దానికి అనుగుణంగా మార్చుకుంటూ, మీ పిల్లలు ఈదే వారమూ వాగులో సహజంగా పుట్టినవి గులకరాళ్లలోంచి పైకి వచ్చే వారమూ ఒకటయ్యేలా చూసుకోవాలి. నీరు 13 డిగ్రీలు దాటితే గుడ్లు చనిపోవడం పెరుగుతుంది.

ఫలదీకరణ జరిగి ఒకటి రెండు రోజులు గడిచినప్పటి నుంచి కన్ను కనిపించేదాకా గుడ్డును కదిలించకూడదు. ఆ దశలో చిన్న కుదుపు కూడా లోపలి పిండాన్ని చంపుతుంది. కన్ను కనిపించాక గుడ్డు గట్టిపడుతుంది, అందుకే స్వచ్ఛంద బృందాలకూ బడులకూ సాధారణంగా ఆ దశలోని గుడ్లనే ఇస్తారు. నదిలో గుడ్లు గులకరాళ్ల అడుగున చీకటిలో ఉంటాయి గనుక ట్యాంకును అన్ని వైపులా నల్లటి పలకలతో కప్పి ఉంచాలి. నేరుగా పడే వెలుతురు గుడ్లకూ అప్పుడే పొదిగిన పిల్లలకూ హాని చేస్తుంది. చనిపోయిన గుడ్డు తెల్లబడుతుంది, దాని మీద పుట్టే దూదిలాంటి బూజు పక్కనున్న ప్రాణమున్న గుడ్లకు పాకుతుంది. రోజూ తెల్ల గుడ్లను మెల్లగా ఏరివేయడం విసుగు పుట్టించే పనే అయినా, పెంపకంలో దానికి మించిన పని లేదు. ఏరిన ప్రతి గుడ్డునూ లెక్కరాయండి, ఎందుకంటే చివర్లో ఎన్ని వదిలారో తెలిసేది ఆ లెక్క వల్లనే.

కుళాయి నీటిలోని క్లోరిన్, క్లోరమిన్ చేపల మొప్పలను కాల్చివేస్తాయి. క్లోరిన్ గాలి ఆడితే ఒకటి రెండు రోజుల్లో పోతుంది గానీ క్లోరమిన్ పోదు, దానికి విరుగుడు మందు కలపాలి లేదా బొగ్గు వడపోత వాడాలి. మీ నీటి సరఫరా సంస్థ రెండింటిలో ఏది కలుపుతుందో ముందే కనుక్కోండి. గుడ్లు పగిలిన తర్వాత పిల్లల విసర్జనతో అమ్మోనియా పెరుగుతుంది, దాన్ని హరించే బ్యాక్టీరియా వడపోతలో స్థిరపడడానికి వారాలు పడుతుంది కాబట్టి గుడ్లు రాకముందే ట్యాంకును నడిపించి సిద్ధం చేయాలి. విద్యుత్తు పోయినప్పుడు చల్లబరిచే యంత్రం ఆగినా కొన్ని గంటలు గడుస్తాయి, గాలి పంపు ఆగితే గడవదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి అందుబాటులో ఉండాలి. సంచి కరగని పిల్లలు అడుగున గులకరాళ్ల సందుల్లో ఒదిగి ఉండాలనుకుంటాయి. గాజు అడుగు మీద వదిలేస్తే నిలకడ లేక కొట్టుకుంటూ, ఎదుగుదలకు వాడవలసిన పచ్చసొనను అనవసరంగా ఖర్చుచేస్తాయి.

పచ్చసొన సంచి కరిగి పొట్ట మీది చీలిక మూసుకుని, పిల్ల పైకి ఈదడం మొదలుపెట్టిన కొద్ది రోజుల్లోనే వదిలేస్తే అన్నిటికన్నా మంచిది. ఎక్కువ రోజులు మేత వేసి లావు చేస్తే బతికే అవకాశం పెరుగుతుందన్న వాదన ఉంది, కొన్ని చోట్ల అది నిజం కూడా. కానీ మేత వేసే ప్రతివారం ఆ పిల్ల ట్యాంకు అలవాట్లను నేర్చుకుంటూనే ఉంటుంది. ఆరెగాన్ వాగుల్లో స్థానిక పిల్లలను వెళ్లగొట్టింది ఆ అదనపు పరిమాణమే.

వదిలే చోటును జాతిని బట్టి నిర్ణయించాలి. చమ్, పింక్ జాతుల పిల్లలు గులకరాళ్లు వీడిన వెంటనే సముద్రం వైపు సాగిపోతాయి కాబట్టి వాటికి దిగువ భాగం, నదీముఖంలోని నిస్సార జలాలు ముఖ్యం. కోహో పిల్లలు ఏడాదికి పైగా మంచినీటిలోనే ఉంటాయి, వాటికి చిన్న ఉపవాగులు, పక్క కాలువలు, బీవర్ అనే జంతువు కట్టలు కట్టి నిలిపే కుంటలు కావాలి. సాకై పిల్లలకు సాధారణంగా సరస్సు ఉండాలి. అట్లాంటిక్ సాల్మన్ పిల్లలు వాగులోనే రెండు మూడేళ్లు గడపవచ్చు. ఏ జాతి అయినా బకెట్‌ను ఒకేచోట కుమ్మరించడం తప్పు. ఫొటోలకు అనువైన ఒక్క వంతెన దగ్గరే అన్నిటినీ వదిలేస్తే అక్కడి పెద్ద ట్రౌట్ చేపలకు విందు అవుతుంది. లోతు తక్కువగా, ప్రవాహం నెమ్మదిగా, ఒడ్డున వేళ్లూ కొమ్మలూ నీటిలోకి వంగి ఉన్న చోట్లను ముందే గుర్తించి, ఒక్కోచోట కొద్దికొద్దిగా, వీలైతే సాయంత్రం చీకటిపడే వేళ వదలాలి. బకెట్ నీటికీ వాగు నీటికీ ఉష్ణోగ్రతలో రెండు డిగ్రీలకు మించి తేడా ఉంటే, వాగు నీటిని కొంచెం కొంచెంగా కలుపుతూ సమం చేసిన తర్వాతే వదలండి. వరద పోటులో ఉన్న రోజున వాయిదా వేయండి.

సాల్మన్ తన వాగును వాసనతో గుర్తుపడుతుందని విస్కాన్సిన్‌లో ఆర్థర్ హాస్లర్, ఆయన సహచరులు 1950ల నుంచి చేసిన పరిశోధనలు నిరూపించాయి. మిషిగాన్ సరస్సులో మార్ఫోలిన్ అనే రసాయనం వాసనకు అలవాటు చేసిన కోహో పిల్లలు, పెద్దవయ్యాక అదే రసాయనం కలిపిన వాగులోకి వచ్చాయి. ఆ వాసన ముద్ర పిల్ల గులకరాళ్లు వీడే దశలోనూ, ముఖ్యంగా స్మోల్ట్‌గా మారే దశలోనూ పడుతుంది. కాబట్టి వీలుంటే వాగు నీటినే వాడి పెంచాలి, లేకపోతే వీలైనంత చిన్న వయసులో వదలాలి. లారీలో నదీముఖానికి తీసుకెళ్లి వదిలిన పిల్లలు పెద్దవయ్యాక ఎక్కువగా దారి తప్పుతాయి, పొరుగు నదుల సంతతులతో కలిసిపోతాయి.

రోగాల విషయంలో నార్వే అనుభవం ఒక్కటి చాలు. అర మిల్లీమీటరు పొడవున్న గైరోడాక్టిలస్ సలారిస్ అనే పరాన్నజీవి 1970లలో స్వీడన్ హేచరీల పిల్లలతో పాటు అక్కడికి చేరి, సుమారు 50 నదుల్లో సాల్మన్ పిల్లలను తుడిచిపెట్టింది. దాన్ని వదిలించుకోవడానికి రొటెనోన్ అనే విషంతో నదిలోని చేపలన్నిటినీ చంపవలసి వచ్చింది. నది బాగు కోసం తెచ్చిన పిల్లలే అంత పని చేశాయి. ధ్రువీకరణ లేని గుడ్లు తీసుకోకండి, వచ్చిన గుడ్లను అయోడిన్ ద్రావణంతో శుద్ధి చేయండి, ఒక వాగులో వాడిన బూట్లను, వలలను పూర్తిగా ఆరబెట్టకుండా మరో వాగులో దించకండి.

ఇక మొదట్లో చెప్పిన కారణం వెతకడం దగ్గరికి వస్తాను. ఈ పనిలో స్వచ్ఛంద బృందాలను మించినవారు లేరు, ఎందుకంటే వారం వారం వాగు వెంట నడిచే తీరిక ఏ శాఖకూ ఉండదు. పెద్దచేపలు వచ్చే కాలంలో గులకరాళ్లలో కొత్తగా తవ్విన గూళ్లను లెక్కపెట్టండి, వాటి మీద అడుగు వేయకండి. చనిపోయిన ఆడచేప కనిపిస్తే పొట్ట కోసి లోపల గుడ్లు మిగిలి ఉన్నాయేమో చూడండి, లెక్కించిన చేప తోకను కోసి ఉంచితే మళ్లీ లెక్కలోకి రాదు. వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ చుట్టుపక్కల నగర వాగుల్లో కోహో చేపలు వర్షం పడిన గంటల్లోనే, గుడ్లు పెట్టకుండానే చనిపోతున్నాయని ఇలాంటి సర్వేలలోనే వెల్లడైంది. ఆ వాగుల్లో ఏళ్ల తరబడి పిల్లలను వదిలినా, తిరిగివచ్చిన వాటిలో అధికభాగం కడుపునిండా గుడ్లతోనే చచ్చిపోతుంటే అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే. కారణం 2020 డిసెంబరులో తేలింది: టైర్లు పగుళ్లిచ్చి పాడవకుండా రబ్బరులో కలిపే ఒక రసాయనం ఓజోన్‌తో చర్య జరిపి 6పీపీడీ-క్వినోన్‌గా మారి, వాన నీటితో వాగుల్లోకి చేరుతోంది. చమ్ సాల్మన్ మీద దాని ప్రభావం దాదాపు కనిపించదు, కోహోకు మాత్రం ప్రాణాంతకం. రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టి పొరల గుండా వడకడితే చేపలు బతుకుతున్నాయని అంతకుముందే ప్రయోగాల్లో చూపించారు. నగర వాగు ఒడ్డున అలాంటి వాన తోట ఒకటి ఏర్పాటు చేస్తే కోహోకు ఒక బ్యాచ్ పిల్లలకన్నా ఎక్కువ మేలు జరుగుతుంది.

రోడ్ల కింది కల్వర్టులను కూడా ఒక్కొక్కటిగా చూడండి. గొట్టం చివర నీరు అరడుగు ఎత్తు నుంచి పడుతున్నా చిన్న పిల్లలు దాన్ని దాటలేవు. గొట్టంలో ప్రవాహం వేగంగా ఉంటే పెద్దచేపలు కూడా ఆగిపోతాయి. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి కల్వర్టులు గిరిజన తెగలకు ఒప్పందాల ద్వారా దక్కిన చేపల వేట హక్కును హరిస్తున్నాయన్న వ్యాజ్యం సుప్రీం కోర్టు దాకా వెళ్లి, 2018లో 4-4గా న్యాయమూర్తులు విడిపోవడంతో, వాటిని మార్చాలన్న కింది కోర్టు ఆదేశం నిలిచింది. మీ వాగులో ఒక్క అడ్డంకిని ఫొటోలతో, కొలతలతో నమోదు చేసి రోడ్ల శాఖకు ఇస్తే, ఆ పైనున్న కిలోమీటర్ల వాగు మళ్లీ చేపలకు దక్కవచ్చు. ఒడ్డున నీడనిచ్చే చెట్లు నాటడం, పశువులు నీటిలోకి దిగకుండా కంచె వేయడం, పడిన దుంగలను అందం కోసమని తొలగించకుండా అలాగే ఉంచడం గురించి మీ బృందానికి తెలిసే ఉంటుంది, విస్తరించను.

పిల్లలను వదిలేటట్లయితే వాటికి గుర్తు పెట్టే పద్ధతిని మొదటి ఏడాదే నిర్ణయించుకోండి. కొంత పెద్దవైన పిల్లలకు వీపు వెనుక ఉండే చిన్న కొవ్వు రెక్కను కత్తిరిస్తారు. గుడ్డు దశలో నీటి ఉష్ణోగ్రతను ఒక క్రమంలో మారిస్తే చెవి ఎముకలో వలయాలు ఏర్పడి, పెద్దయ్యాక చూస్తే హేచరీది అని తెలుస్తుంది. తల్లిచేపల కణజాలం భద్రపరిచి జన్యు పరీక్షతో సంతానాన్ని గుర్తించవచ్చు. గుర్తు లేకపోతే, తిరిగివచ్చిన చేప మీరు వదిలినదా, వాగులోనే పుట్టినదా, పొరుగు నది నుంచి వచ్చినదా అన్నది ఎవరూ చెప్పలేరు. అప్పుడు థేమ్స్‌లో మాదిరి ఏళ్ల తర్వాత ఎవరో వచ్చి తేల్చవలసి వస్తుంది.

దానితో పాటే, ఎప్పుడు ఆపుతారో కూడా రాసిపెట్టుకోండి. హేచరీ మొదలుపెట్టడం సులువు, ఆపడం కష్టం, ఎందుకంటే అప్పటికి ట్యాంకులు, దాతలు, ఏటా పిల్లలను వదిలే పండుగ అన్నీ ఏర్పడి ఉంటాయి. మోంటానా రాష్ట్రం మాడిసన్ నదిలో అధ్యయనం చేసి, హేచరీ చేపలను వదలడం ఆపిన చోట అడవి ట్రౌట్ పెరుగుతున్నట్లు గమనించి, సహజంగా ట్రౌట్ నిలదొక్కుకోగల నదుల్లో 1974 నుంచి వదలడం మానేసింది. వేల్స్ కూడా 2014లో సాల్మన్ పిల్లలను వదలడం ఆపాలని నిర్ణయించింది. చాలా సాల్మన్ జాతుల్లో ఒక తరం మూడు నుంచి ఐదేళ్లు కాబట్టి రెండు తరాల గడువు పెట్టుకోవడం సమంజసం. ఆ లోపు గుర్తు లేని, వాగులోనే పుట్టిన చేపలు మీరు ముందే రాసుకున్న సంఖ్యకు చేరితే పెంపకం ఆపేయవచ్చు. గుర్తున్న చేపలు కూడా తిరిగి రాకపోతే, అప్పుడూ ఆపి, ట్యాంకులకు వెచ్చిస్తున్న సమయాన్నీ డబ్బునూ కారణం వెతకడానికి మళ్లించాలి. ఈ రెండు షరతులను మీ సలహాదారు చేత సంతకం చేయించి, గుడ్ల కోసం పెట్టే మొదటి దరఖాస్తుకే జతచేయండి.